అప్‌డేట్: ఈత కొలనులో పీహెచ్ మాటిమాటికీ పెరగడానికి కారణం తెలిసింది

హైదరాబాద్ శివారులోని మా ఇంటి 40,000 లీటర్ల కొలనులో ఎంత యాసిడ్ పోసినా నాలుగు రోజుల్లో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే అంకె) 8.2 దాటుతోందనీ, టైల్స్ మీద తెల్లటి పొర కడుతోందనీ మే నెలలో అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ముందు బోరు నీటిని పరీక్షించమన్న సలహాయే దారి చూపింది. దాని క్షారత (పోసిన ఆమ్లాన్ని పీల్చుకుని పీహెచ్‌ను మళ్లీ పైకి తెచ్చే బైకార్బనేట్ల వంటి లవణాల మోతాదు) 310 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), కొలనులో 240. ఉండవలసింది 80 నుంచి 120. ఆవిరైన మేరకు బోరు నీరు నింపిన ప్రతిసారీ బైకార్బనేట్లను నేనే చేర్చుతూ వచ్చానన్నమాట.

పరిశీలనకు వచ్చిన టెక్నీషియన్ ఆ పొర మీద ఒక్క చుక్క యాసిడ్ వేయగానే అది బుసబుస పొంగింది. కాల్షియం కార్బనేట్ అని తేలింది. ఆయన చెప్పినట్టు, సాయంత్రం పంపు నడుస్తుండగా 30 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోసి పీహెచ్‌ను 7.2కు దించి, తరువాత ఫౌంటెన్ నడిపి కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పోనిచ్చి, క్షారత పెరగకుండానే పీహెచ్‌ను పైకి రానిచ్చాను. మూడు వారాల్లో, విడతలవారీగా, సుమారు 11 లీటర్లు పట్టింది. ఇప్పుడు క్షారత 110, పీహెచ్ 7.6.

క్లోరిన్ రకానికీ, ఫిల్టర్ ఇసుకకూ దీనితో సంబంధం లేదు. ఇసుక అనవసరంగా మార్పించాను. ఇలాంటి నీటిలో వంటసోడా మాత్రం దయచేసి వేయకండి, అది క్షారతను ఇంకా పెంచుతుంది. ప్రస్తుతం మేడ మీది వాన నీటిని వడకట్టి నింపుతున్నాను, వారానికోసారి పరీక్షిస్తున్నాను.