ఆగస్టులో ఇస్తాంబుల్: చెన్నై ఎండలకు అలవాటుపడిన వాళ్లం కూడా భయపడాలా?

పశ్చిమ మాంబళం వాసి:

అందరికీ నమస్కారం. మేమిద్దరం చెన్నైలో పశ్చిమ మాంబళంలో ఉంటాము. నాకు 67 ఏళ్లు, మా ఆవిడకు 62. మా అమ్మాయి జర్మనీలో ఉద్యోగం చేస్తున్నది. తనకు ఆగస్టు మొదటి పక్షంలోనే సెలవు దొరుకుతుంది కనుక, తను అటునుంచి, మేము ఇటునుంచి బయలుదేరి ఇస్తాంబుల్‌లో కలుసుకొని ఆరు రోజులు గడపాలని అనుకుంటున్నాము. వీసా, విమానం, బస అన్నీ అమ్మాయే చూసుకుంటున్నది. నా సందేహం ఎండ గురించి మాత్రమే.

ఆగస్టులో అక్కడ పగటి ఉష్ణోగ్రత సుమారు 28, 29 డిగ్రీలు ఉంటుందని చదివాను. రోళ్లు పగిలే రోహిణి కార్తెనూ, ఇక్కడివారు అగ్ని నక్షత్రమని పిలిచే రోజుల్లో 40 డిగ్రీలు దాటే మధ్యాహ్నాలనూ ఏళ్ల తరబడి చూసిన మాకు ఈ అంకె చదివితే నవ్వు వచ్చింది. అయితే ఒకసారి ఆగస్టులోనే అక్కడికి వెళ్లివచ్చిన పాత సహోద్యోగి ఒకరు "ఆ అంకెను నమ్మి వెళ్లకండి, ఇబ్బంది పడతారు" అని గట్టిగా చెప్పారు. ఎందుకని అడిగితే మాత్రం వివరించలేకపోయారు. నాకు మోకాళ్ల నొప్పులు, మా ఆవిడకు రక్తపోటు. ఇద్దరం శాకాహారులం. హగియా సోఫియా మసీదు, తోప్‌కాపి రాజభవనం, భూగర్భ జలాశయం, పెద్ద బజారు చూడాలని ఉంది. సహోద్యోగి మాటలో నిజమెంత? నిజమే అయితే రోజును ఎలా పంచుకోవాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జయనగరం, బెంగళూరు:

అయ్యా, మీ సహోద్యోగి మాట నిజం. అదే అంకెను నమ్మి వెళ్లి దెబ్బతిన్నవాణ్ణి కనుక, ఆయన చెప్పలేకపోయిన కారణం నేను చెప్పగలను.

మా బెంగళూరులోనూ ఆగస్టులో పగటి ఉష్ణోగ్రత ఇంచుమించు 28 డిగ్రీలే. ఇంటి దగ్గర ఉన్నట్టే ఉంటుందిలే అనుకొని, మా నాన్నగారిని వెంటబెట్టుకొని వెళ్లాను. ఇక్కడి 28 డిగ్రీలు మబ్బు కింద ఉండేవి, అక్కడివి మబ్బు తునక లేని ఆకాశం కింద ఉండేవి. పైగా ఆ నగరానికి ఉత్తరాన నల్ల సముద్రం, దక్షిణాన మర్మరా సముద్రం, నడుమ బాస్ఫరస్ జలసంధి ఉన్నాయి. అందువల్ల గాలిలో తేమ ఎక్కువ, చెమట త్వరగా ఆరదు. తేమ మీకు కొత్త కాదు. కానీ ఒక్క విషయం ఆలోచించండి. చెన్నైలో మే నెల మధ్యాహ్నం ఒంటిగంటకు మీరు ఎక్కడ ఉంటారు? ఫ్యాను కిందనో ఏసీ గదిలోనో ఉంటారు. ఇన్నేళ్లూ మనం ఎండను ఓర్చుకోలేదు, నేర్పుగా తప్పించుకున్నాము. యాత్రికుడై వెళ్లినవాడు సరిగ్గా ఆ వేళకే రాతి చప్టా మీద టిక్కెట్టు వరుసలో నిలబడతాడు. హగియా సోఫియా ముందు వరుసలో మా నాన్నగారికి కళ్లు తిరిగి కూలబడబోతే, ముందున్న ఒక కుటుంబం వారు తమ గొడుగు కిందికి తీసుకొని నీళ్లు పట్టించారు. ఆ పూట మళ్లీ వరుసలో నిలబడే ధైర్యం మాకు లేకపోయింది.

మేము వచ్చాక గానీ నాకు తట్టని సంగతి మరొకటి ఉంది. తుర్కియే, అంటే టర్కీ దేశం, 2016 నుంచి వేసవి సమయాన్నే ఏడాది పొడవునా పాటిస్తున్నది. గడియారం సూర్యుడికంటే గంటకు పైగా ముందుంటుంది. చెన్నైలో ఆగస్టు మొదట్లో సూర్యుడు నడినెత్తికి చేరేది సుమారు 12 గంటల 15 నిమిషాలకైతే, ఇస్తాంబుల్‌లో అది 1 గంట 10 నిమిషాల ప్రాంతం. మనకు పన్నెండు నుంచి మూడు వరకు ఎంత గడ్డుకాలమో, వారికి ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా అంత గడ్డుకాలం. మన అలవాటు ప్రకారం "మూడు దాటింది, ఎండ తగ్గి ఉంటుంది" అని బయటికి అడుగుపెడితే పొరపాటు పడ్డట్టే. గడియారం చూడనక్కరలేదు, మధ్యాహ్నపు అజాన్ వినిపిస్తే సూర్యుడు అప్పుడే నడినెత్తి దాటాడని గుర్తు. దీనికి మంచి వైపు కూడా ఉంది. ఆ రోజుల్లో సూర్యాస్తమయం 8 గంటల 15 నిమిషాల ప్రాంతంలో అవుతుంది కనుక సాయంత్రం అయిదున్నర తరువాత కూడా చేతిలో దాదాపు మూడు గంటల వెలుగు ఉంటుంది.

కాబట్టి ఆరుబయటి స్థలాలకు ఉదయం, పైకప్పు ఉన్నవాటికి మధ్యాహ్నం, నీటి మీది తిరుగుడుకు సాయంత్రం కేటాయించుకోండి. భారత కాలమానం రెండున్నర గంటలు ముందు ఉంటుంది. ఇక్కడ ఉదయం ఆరుకు లేచే అలవాటున్నవారికి అక్కడ మొదటి రెండు రోజులు మూడున్నరకే మెలకువ వస్తుంది. దాన్ని తిట్టుకోకుండా వాడుకోండి. ఆరింటికి తెల్లవారగానే సుల్తాన్ అహ్మద్ మైదానానికి వెళ్తే, పగలు మనుషులతో కిక్కిరిసే చోట ఒకరిద్దరు తప్ప ఎవరూ ఉండరు. రోమన్ల కాలంలో రథాల పందేలు జరిగిన స్థలం అది. థియోడోసియస్ చక్రవర్తి క్రీ.శ. 390లో నిలబెట్టించిన ఈజిప్టు శిలాస్తంభమూ, గ్రీకుల డెల్ఫీ నుంచి తెచ్చిన సర్పస్తంభమూ అక్కడే ఉన్నాయి. వీటికి టిక్కెట్టు లేదు, వరుస లేదు. ఈజిప్టు స్తంభం అడుగున పీఠం మీద పందేలు చూస్తున్న చక్రవర్తి పరివారాన్ని చెక్కారు. దాన్ని తీరిగ్గా చూడాలంటే ఆ వేళకే వెళ్లాలి.

మధ్యాహ్నానికి భూగర్భ జలాశయాన్ని మించినది లేదు. స్థానికులు యెరెబతన్ అంటారు. జస్టీనియన్ చక్రవర్తి 6వ శతాబ్దంలో కట్టించిన ఆ జలాశయంలో 336 స్తంభాలు ఉన్నాయి. పైన ఎండ మండుతున్నా లోపల చల్లగా, చీకటిగా ఉంటుంది. నీటి బొట్లు పడుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తుంది. రెండు స్తంభాల అడుగున మెడూసా తలలు ఉన్నాయి. గ్రీకు పురాణాల్లో పాములే జుట్టుగా గల రాక్షసి ఆమె. ఒకటి తలక్రిందులుగా, ఒకటి పక్కకు తిరిగి కనిపిస్తాయి. అక్కడికి కొద్ది దూరంలోనే 224 స్తంభాల మరో జలాశయం ఉంది. దాని పేరు బిన్‌బిర్‌దిరెక్. వేయిన్నొక్క స్తంభాలు అని అర్థమట! హనుమకొండలో వేయిస్తంభాల గుడి చూసిన మనకు ఆ లెక్క అర్థం కాకపోదు. మీకు ఒక్క హెచ్చరిక: యెరెబతన్‌లోకి దిగడానికి సుమారు యాభై మెట్లు ఉన్నాయి, లోపల నేల తడిగా ఉంటుంది. మోకాళ్లు జాగ్రత్త.

పెరంబూరు పాతకాపు:

పై మిత్రులు చెప్పినదంతా నిజమే అయినా, చదివితే మాంబళం వారు టిక్కెట్లు రద్దు చేసుకుంటారేమోనని భయం వేసింది. ఆ నగరానికి వేసవిలో ఒక వరం ఉంది. ఈశాన్యం నుంచి వీచే గాలి, అంటే పొయ్‌రాజ్, నల్ల సముద్రం మీదుగా వచ్చి బాస్ఫరస్ వెంబడి దిగుతుంది. ఆ గాలి వీచినంతసేపూ 29 డిగ్రీలు కూడా హాయిగానే ఉంటుంది. అది ఆగి, దక్షిణపు గాలి తిరిగిన రోజున మాత్రం గదిలోంచి కదలకుండా ఉంటే మంచిది.

ఒట్టోమన్ సుల్తానుల కాలంలో కలిగినవారు వేసవి రాగానే నగరం విడిచి బాస్ఫరస్ ఒడ్డునున్న చెక్క భవంతులకు మకాం మార్చేవారు. మద్రాసు దొరలు ఎండలకు ఉదకమండలం ఎక్కినట్టే, వారు నీటి అంచుకు చేరేవారు. యాలి అని పిలిచే ఆ భవంతులలో కొన్ని ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. వాటిని చూడాలంటే ఎమినోను రేవులో నగర ఫెర్రీ ఎక్కి ఉత్తర దిక్కుగా వెళ్లాలి. జలసంధి బాగా ఇరుకైన చోట, ఇంచుమించు 700 మీటర్ల వెడల్పులో, రెండు ఒడ్డులా రెండు కోటలు ఎదురెదురుగా కనిపిస్తాయి. యూరప్ వైపు ఉన్న రుమేలి కోటను ఒట్టోమన్ సుల్తాన్ రెండవ మెహ్మెద్ 1452లో నాలుగయిదు నెలల్లో కట్టించి, మరుసటి సంవత్సరమే నగరాన్ని పట్టుకున్నాడు. అంత సమయం లేకపోతే ఎమినోను నుంచి అవతలి ఒడ్డున ఉన్న కాదికోయ్‌కో ఉస్కుదార్‌కో ఉత్త ప్రయాణం చేసి తిరిగి వచ్చినా చాలు. సిటీ బస్సులకూ ట్రామ్‌లకూ వాడే ఇస్తాంబుల్‌కార్త్ అనే కార్డు దీనికీ పనికివస్తుంది. నేను వెళ్లినప్పుడు రోజుకు ఒకసారైనా పని లేకుండా ఫెర్రీ ఎక్కేవాణ్ణి. పై డెక్కు మీద ఎడమా కుడీ చూసుకొని, నీడ ఉన్న వైపు కూర్చోవడం ఒక్కటే నేర్చుకోవలసినది.

అన్నానగర్ గృహిణి:

దుస్తుల గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. మసీదుల్లోకి వెళ్లేటప్పుడు స్త్రీలు తల, భుజాలు కప్పుకోవాలి. స్త్రీపురుషులెవరైనా మోకాళ్లు కనిపించకూడదు, చెప్పులు విడవాలి. సింథటిక్ చున్నీ తలకు చుట్టుకుంటే ఆ ఎండలో నరకమే. పలుచటి నూలు చున్నీ ఒకటి చేతిసంచిలో ఉంచుకోమని మీ ఆవిడగారితో చెప్పండి. నమాజు వేళల్లో యాత్రికులను లోనికి అనుమతించరు. శుక్రవారం మధ్యాహ్నం ఈ విరామం మరీ ఎక్కువసేపు ఉంటుంది కనుక ఆ పూట మసీదుల జోలికి పోకుండా ఉండటమే మేలు.

తిండి విషయంలో శాకాహారులకు వేసవే మంచి కాలం. ఆలివ్ నూనెతో వండి, చల్లార్చి వడ్డించే కూరలు అక్కడ ఒక పెద్ద తరగతి. వాటిలో ఇమామ్ బాయిల్దె అనే వంకాయ కూర మన గుత్తివంకాయకు దూరపు చుట్టం. "ఇమాము మూర్ఛపోయాడు" అని దాని పేరుకు అర్థం. రుచికి పోయాడో, పోసిన నూనె ఖరీదుకు పోయాడో వారిలో వారికే తేలలేదు. పెరుగులో దోసకాయ వేసిన జాజెక్ మనకు కొత్త కాదు. ఎర్ర కందిపప్పు సూపు అన్ని చోట్లా దొరుకుతుంది కానీ, కొన్నిచోట్ల మాంసపు నీళ్లు పోసి చేస్తారు. "ఎత్సిజ్" అంటే మాంసం లేనిది అని అర్థం. ఆ ఒక్క మాట నేర్చుకొని, సూపు దేనితో చేశారో కూడా అడగండి.

అయ్‌రాన్ అనే మజ్జిగ ప్రతి హోటల్లోనూ దొరుకుతుంది, దప్పిక తీరుస్తుంది. అయితే అందులో ఉప్పు బాగానే ఉంటుంది. రక్తపోటు ఉన్నవారు దాన్ని మన ఇంటి పలుచని మజ్జిగలా గ్లాసుల కొద్దీ తాగకూడదు. మీ ఆవిడగారు మూత్రం ఎక్కువగా పోయే రకం మాత్రలు వాడుతున్నట్టయితే, వేడిలో నీళ్లు ఎంత తాగాలి, మాత్ర ఏ వేళకు వేసుకోవాలి అన్నది బయలుదేరేముందే వైద్యుణ్ణి అడగండి. వేసవిలో చింతపండు షర్బత్ కూడా అమ్ముతారు. దాని పేరు దెమిర్‌హిందీ. అరబ్బులు చింతపండును "హిందుస్థానపు ఖర్జూరం" అన్నారు, ఆ మాటే వీరి దాకా వచ్చింది. మన చింతపండును అంత దూరంలో అంత గౌరవంగా పలుకరిస్తారని నేను అనుకోలేదు.

పాత నగరంలో కూడళ్ల దగ్గర చెక్కడపు పనితో పాలరాతి కట్టడాలు కనిపిస్తే అవేమిటో అనుకోకండి. దారినపోయేవారికి ఉచితంగా మంచినీళ్లు పోయడానికి సుల్తానులూ అంతఃపుర స్త్రీలూ పుణ్యానికి కట్టించిన చలివేంద్రాలవి. తోప్‌కాపి ద్వారం బయట మూడవ అహ్మద్ 1728లో కట్టించినది వాటిలో చాలా అందమైనది. చూసి ఆనందించండి, దాహానికి మాత్రం సీసా నీళ్లే కొనుక్కోండి.

పశ్చిమ మాంబళం వాసి:

ముగ్గురికీ మనఃపూర్వక ధన్యవాదాలు. సూర్యుడు, గడియారం సంగతి అమ్మాయికి చెబితే తానూ గమనించలేదని ఆశ్చర్యపోయింది. ఇక మిగిలినది నా మోకాళ్ల సంగతి. నగరమంతా ఎత్తుపల్లాలేనని విన్నాను. హగియా సోఫియాలో ఎక్కడం ఎక్కువ ఉంటుందా? పెద్ద బజారును వదులుకోవలసిందేనా?

జయనగరం, బెంగళూరు:

బజారును వదులుకోనక్కరలేదు. పైకప్పు ఉన్న వీధులు కనుక ఎండ పూట కాలక్షేపానికి అది అనువైన చోటు. ట్రామ్ దిగితే ద్వారం దగ్గరే. ఆదివారం మాత్రం మూసి ఉంటుంది. బజారు నుంచి సులేమానియే మసీదుకు నడిచి వెళ్లవచ్చని అందరూ చెబుతారు కానీ, ఆ ఎగుడుదిగుడు రాళ్ల దారి మీకు వద్దు, టాక్సీలో వెళ్లండి. వెళ్లడం మాత్రం మానకండి. ఒట్టోమన్ల వాస్తుశిల్పి సినాన్ 1557లో పూర్తిచేసిన ఆ మసీదుకు టిక్కెట్టు లేదు, సుల్తాన్ అహ్మద్ మసీదు దగ్గర ఉన్నంత జనమూ ఉండదు. ఆవరణ చివర నుంచి చూస్తే గోల్డెన్ హార్న్ అనే సముద్రపు పాయ అంతా కాళ్ల కింద పరచుకొని ఉంటుంది. సాయంత్రం ఆరు దాటాక గాలి కూడా బాగా వీస్తుంది.

హగియా సోఫియాలో 2024 జనవరి నుంచి యాత్రికులను పై అంతస్తు గ్యాలరీకి మాత్రమే పంపుతున్నారు. పైకి మెట్లు కాక, మలుపులు తిరిగే రాతి వాలుదారి ఉంటుంది. రాళ్లు అరిగి నున్నబడ్డాయి కనుక పట్టున్న బూట్లు వేసుకొని, అమ్మాయి చెయ్యి పట్టుకొని నెమ్మదిగా ఎక్కండి. టిక్కెట్టు ముందే ఆన్‌లైన్‌లో కొని, తలుపులు తెరిచే వేళకు అక్కడ ఉండండి. తోప్‌కాపి మంగళవారం తెరవరు. నాలుగు పెద్ద ఆవరణలు నడవాలి కనుక దానికి ఒక ఉదయం మొత్తం కేటాయించి, అలసిపోతే పక్కనే ఉన్న గుల్‌హానే తోటలో చెట్ల నీడన కూర్చోండి.

ఇంకొక్క మాట. సుల్తాన్ అహ్మద్ ప్రాంతపు పాత ఇళ్లను హోటళ్లుగా మార్చినవి చాలావాటికి లిఫ్ట్ లేదు. గది ఏ అంతస్తులో ఇస్తారో, ఏసీ గదిలోనే ఉందో లేదో అమ్మాయిని హోటలుకు రాసి కనుక్కోమనండి. జలాశయానికో బజారుకో వెళ్లని రోజున, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా మీరు గడిపేది ఆ గదిలోనే కదా.