ఎన్నికలకు అప్పగించిన తుపాకీ తిరిగి రావట్లేదు (విశాఖ)

గాజువాక_12బోర్: ఫలితాలొచ్చి మూడు వారాలైంది. స్టేషన్లో పెట్టిన డబుల్ బ్యారెల్ ఇవ్వట్లేదు. రసీదు ఉంది. లైసెన్సు గడువు ఇంకో నెలే. ఎవరిని అడగాలి?

పంచనామా: ఫలితాల తర్వాత వారం గడవగానే ఇచ్చేయాలని ఎన్నికల సంఘం సూచనల్లోనే ఉంది. నోటితో అడిగితే ‘రేపు రండి’ అంటారు. రసీదు, లైసెన్సు నకళ్లు జతచేసి పోలీసు కమిషనర్ పేరున అర్జీ పెట్టి, అందినట్టు ఆఫీసు రిజిస్టర్లో వేసే ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి.

అనకాపల్లి_అచ్చు: కమిషనర్ ఎందుకు? లైసెన్సు ఇచ్చేది కలెక్టరు కదండీ?

పంచనామా: కమిషనరేట్ ఉన్నచోట ఆయుధాల చట్టం దృష్టిలో జిల్లా మేజిస్ట్రేట్ అంటే పోలీసు కమిషనరే. గాజువాకకైనా భీమిలికైనా అంతే. మీ అనకాపల్లి 2022 ఏప్రిల్‌లో వేరే జిల్లా అయింది, మీకు కలెక్టరే.

అనకాపల్లి_అచ్చు: మరి ఉమ్మడి జిల్లాలో ఇచ్చిన లైసెన్సుల ఫైళ్లు ఎక్కడున్నట్టు?

నూనెగుడ్డ: కాగితాలు సరే, తుపాకీ సంగతేటి? ఇక్కడ ఉప్పుగాలికి ఇనుము నెల్లాళ్లు ఆగదు. ఇచ్చేముందు గొట్టాల్లో పొడిగుడ్డ, తర్వాత నూనెగుడ్డ దూర్చాలి. పైన పల్చగా నూనె పూయాలి. తోలు సంచిలో పెట్టి ఇవ్వొద్దు, అది తేమ పట్టి ఉంచుతుంది. రసీదులో తుపాకీ నంబరు, బోర్ (గొట్టం లోపలి కొలత), ‘తుప్పు లేదు’ అన్న మాట, తూటాల లెక్క విడిగా రాయించాలి. తీసుకునేటప్పుడు అక్కడే తుపాకీని మడత దగ్గర వంచి తెరిచి, గొట్టాలు వెలుతురుకు పట్టి చూడండి. లోపల గుంటలు పడి ఉంటే డీలరుకు చూపించేదాకా పేల్చొద్దు.

సీతమ్మధార_షూటర్: అందుకే స్టేషన్లో పెట్టకూడదు. ఆయుధాల చట్టం సెక్షన్ 21 ప్రకారం లైసెన్సున్న డీలరు దగ్గర పెట్టొచ్చు.

పంచనామా: జనాన్ని తప్పుదారి పట్టించకండి. 21 అనేది లైసెన్సు గడువు తీరినా, సస్పెండైనా, రద్దైనా వర్తించేది. ఎన్నికలప్పుడు ఆయుధం అప్పగించమని ఇచ్చే నోటీసు వేరు. అందులో ఎక్కడ పెట్టమంటే అక్కడే పెట్టాలి.

సీతమ్మధార_షూటర్: నోటీసులో డీలరు మాట కూడా ఉంటే? మీరొక్కరే చట్టం చదివినట్టు మాట్లాడుతున్నారు.

పంచనామా: ఉంటే డీలరిచ్చిన రసీదు నకలు స్టేషన్లో ఇచ్చి సంతకం తీసుకోవాలి. ఇరవై ఏళ్లుగా ఈ ఫైళ్లే చూస్తున్నాను, గొడవలన్నీ ఆ ఒక్క సంతకం లేకే. ఇంకోటి: నోటీసు అందరికీ ఇచ్చేది కాదు. బెయిలు మీదున్నవాళ్లు, పాత కేసులున్నవాళ్లు, అల్లర్లలో ఉన్నవాళ్లు ఎవరో స్క్రీనింగ్ కమిటీ చూసి తేల్చాలి. రైఫిల్ సంఘం క్రీడాకారులకు, బ్యాంకు గార్డులకు మినహాయింపు ఉంది.

మర్రిపాలెం_వకీలు: కేసులో సీజైన తుపాకీని దీనితో కలపొద్దు. దానికి కమిషనర్ కాదు, మేజిస్ట్రేట్ కోర్టు. సీజైన సొత్తు అప్పగింతకు పాత సీఆర్‌పీసీలో ఉన్న 451, 457 సెక్షన్లే ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 497, 503. సుందర్‌భాయ్ దేశాయ్ కేసులో 2002లోనే సుప్రీంకోర్టు సొత్తును స్టేషన్లో పదిహేను రోజులకో, నెలకో మించి ఉంచొద్దంది. అయినా ఫోరెన్సిక్ రిపోర్టు రాకుండా పిటిషన్ వేస్తే తరచూ కొట్టేస్తారు, లైసెన్సు చెల్లుబాటులో లేకపోయినా అంతే. అందుకే ముందు రిపోర్టు సంగతి కనుక్కోండి.

రుషికొండ_రైఫిల్: మూడో తుపాకీ ఉన్నవాళ్ల సంగతేంటి? ఆయుధాల చట్టం 2019 సవరణతో మనిషికి రెండే అన్నారు కదా.

మర్రిపాలెం_వకీలు: మూడోది ఏడాదిలో అప్పగించాలన్నారు, ఆ గడువు 2020 డిసెంబరుతోనే అయిపోయింది. ఇంకా ఇంట్లో ఉంటే ఇవాళే వకీలును కలవండి.

గాజువాక_12బోర్: నా గడువు మాట ఎవరూ చెప్పలేదండీ.

పంచనామా: రెన్యువల్ ఇవాళే పెట్టండి, తుపాకీ చేతికొచ్చేదాకా ఆగొద్దు. గడువు దాటిపోతే స్టేషన్ వాళ్లు ఇవ్వాలనుకున్నా ఇవ్వలేరు. ఫారంలో ఆయుధం ఎక్కడుందో అడిగితే స్టేషన్ పేరు, రసీదు నంబరు రాయండి.