టేబుల్లో ఉన్న క్లాస్ పేరుతో ఆబ్జెక్ట్ తయారు చేయబోతే "క్లాస్ నాట్ ఫౌండ్" వస్తోంది (జావా)

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఫీజులు వసూలు చేసే చిన్న ప్రోగ్రామ్ జావా 17లో రాస్తున్నాను. నగదు, చెక్కు, యూపీఐ, కార్డు... ఒక్కోదానికి ఒక్కో క్లాస్. నాలుగు ఇఫ్‌లతో మొదలుపెట్టాను, ఇప్పుడు పదకొండయ్యాయి. ఈ తోక ఇంకా పెంచలేక, క్లాస్ పేర్లనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ టేబుల్లో పెట్టి, చదివి, క్లాస్.ఫర్‌నేమ్‌తో (పేరు ఇస్తే ఆ క్లాస్‌ని వెతికి తెచ్చేది) ఆబ్జెక్ట్ తయారు చేద్దామనుకున్నాను. "యూపీఐచెల్లింపు" అని ఇస్తే క్లాస్ నాట్ ఫౌండ్ ఎక్సెప్షన్. (కోడ్‌లో పేర్లు ఇంగ్లీషులోనే ఉన్నాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నా.) ఫైల్ కళ్ళెదుటే ఉంది, ఇంపోర్ట్ కూడా చేశాను. సోమవారం డెమో, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ఇంపోర్ట్ కంపైలర్‌కి చెప్పే మాట తమ్ముడూ. కోట్స్ మధ్య రాసిన పేరు జోలికి కంపైలర్ రాదు. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వెతికే జేవీఎంకి నీ ఇంపోర్ట్‌ల సంగతి తెలియదు. ప్యాకేజీతో సహా పూర్తి పేరు ఇవ్వాలి: "ఫీజు.చెల్లింపులు.యూపీఐచెల్లింపు". ఇంగ్లీషు పెద్దక్షరం, చిన్నక్షరం తేడా కూడా పట్టింపే. క్లాస్ లోపలి క్లాస్ అయితే ఆ రెండింటి మధ్య చుక్క బదులు డాలర్ గుర్తు పెట్టాలి.

ఇంకోటి. క్లాస్ మీద నేరుగా న్యూఇన్‌స్టన్స్ పిలవకు, జావా 9 నుంచి అది వాడొద్దన్నారు. గెట్‌డిక్లేర్డ్‌కన్‌స్ట్రక్టర్ పిలిచి, వచ్చినదాని మీద న్యూఇన్‌స్టన్స్ పిలువు. కన్‌స్ట్రక్టర్‌లో (ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే కోడ్) ఏదైనా పేలితే ఇన్‌వొకేషన్ టార్గెట్ ఎక్సెప్షన్‌లో చుట్టి ఇస్తుంది. అసలు తప్పు గెట్‌కాజ్‌లో దొరుకుతుంది.

అడిగినవారు:
థాంక్స్ అన్నా. పూర్తి పేరు కోడ్‌లోనే రాసి చూస్తే పనిచేసింది. అదే పేరు టేబుల్ నుంచి తెస్తే మళ్ళీ అదే ఎర్రర్! రెండూ ప్రింట్ చేసి పక్కపక్కన పెట్టి చూశా, ఒక్క అక్షరం తేడా లేదు. పిచ్చెక్కుతోంది.

జవాబు 2:
ఆ కాలమ్ టైపు ఏమిటండీ? ఒకసారి ఆ స్ట్రింగ్ లెంగ్త్ ప్రింట్ చేసి చూడండి.

అడిగినవారు:
క్యార్ 80, అంటే ఎప్పుడూ 80 అక్షరాల పొడవుండే కాలమ్. లెంగ్త్ కూడా 80 వచ్చింది! పేరు చూస్తే సగం కూడా లేదు.

జవాబు 2:
దొరికింది దొంగ. క్యార్ కాలమ్‌లో పేరు పోగా మిగిలిన చోటంతా పోస్ట్‌గ్రెస్ ఖాళీలతో నింపుతుంది. క్యార్ విలువలను పోల్చేటప్పుడు మాత్రం ఆ ఖాళీలను లెక్కచేయదు, అందుకే క్వెరీలు రాసినంత సేపూ ఇది బయటపడదు. జావాకి అవి కూడా అక్షరాలే కాబట్టి పేరు కలవదు. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ మామూలుగా చదివేటప్పుడే వాటిని తీసేస్తుంది. అక్కడ నడిచిన కోడ్‌ని ఇక్కడికి తెచ్చి నేనూ ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను. కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చేయండి, మార్చేటప్పుడు ఆ ఖాళీలు వాటంతటవే పోతాయి.

జవాబు 3:
ఎర్రర్ తీరింది, సంతోషం. నాకైతే అసలు ఈ పద్ధతే నచ్చలేదు. టేబుల్లో వరుసలు ఏళ్ళ తరబడి ఉంటాయి. క్లాస్ పేరు మీరు ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకునేది. రేపు ప్యాకేజీ పేరు మారిస్తే ఎడిటర్ కోడంతా సరిచేస్తుంది కానీ డేటాబేస్ వరకు వెళ్ళదు. కంపైల్ శుభ్రంగా అవుతుంది, ఫీజు కౌంటర్ దగ్గర మాత్రం పడిపోతుంది.

మైఎస్‌క్యూఎల్ జావా డ్రైవర్‌నే (జావాని ఆ డేటాబేస్‌తో కలిపేది) చూడండి. 8వ వెర్షన్‌లో డ్రైవర్ క్లాస్ పేరులో "సీజే" అని కొత్త ముక్క చేరింది. కానీ పాత పేరు జనం కాన్ఫిగ్ ఫైళ్ళలో టెక్స్ట్‌గా పాతుకుపోయింది. అందుకని ఆ పాత క్లాస్‌నూ ఉంచి, అది లోడైనప్పుడల్లా "ఇది పాతబడింది, కొత్త పేరు ఇదీ" అని చెప్పిస్తున్నారు.

మీరు టేబుల్లో "యూపీఐ", "నగదు" లాంటి చిన్న కోడ్ పెట్టండి. జావాలో ఒక మ్యాప్: ఎడమ కోడ్, కుడి ఆబ్జెక్ట్ తయారు చేసే సప్లయర్, అంటే "యూపీఐచెల్లింపు::న్యూ". మ్యాప్.ఆఫ్ పది జతల వరకే తీసుకుంటుంది. మీవి పదకొండు కాబట్టి మ్యాప్.ఆఫ్‌ఎంట్రీస్ వాడాలి.

అడిగినవారు:
పదకొండు ఇఫ్‌లు పోయి పదకొండు మ్యాప్ లైన్లు వచ్చాయి. తేడా ఏముందండీ?

జవాబు 3:
లైన్లు అన్నే, ఒప్పుకుంటాను. కానీ క్లాస్ పేరు మారితే ఈ లైన్లు కూడా దాంతోపాటే మారతాయి, తప్పుంటే కంపైలర్ అక్కడే ఆపుతుంది. రేపు యూపీఐ కన్‌స్ట్రక్టర్‌కి ఏదైనా విలువ ఇవ్వాల్సి వస్తే ఆ ఒక్క లైన్ లాంబ్డాగా (పేరులేని చిన్న ఫంక్షన్) రాస్తే సరి. మీ దారిలో అదే మార్పు చేస్తే "నో సచ్ మెథడ్" అని ఇంకో గోల. ఏ క్లాసులు వస్తాయో కోడ్ రాసేవాడికే తెలియనప్పుడు, అంటే ప్లగిన్‌ల లాంటి చోట, ఫర్‌నేమ్ అవసరం పడుతుంది. అక్కడ కూడా అలాంటి క్లాసుల్ని వెతికి తెచ్చే సర్వీస్‌లోడర్ జావా 6 నుంచి ఉంది.

జవాబు 4:
ఆ టేబుల్ మార్చే హక్కు ఎవరెవరికి ఉందో కూడా చూసుకోండి. మామూలుగా ఫర్‌నేమ్ పిలిచారంటే ఆ క్లాస్‌లోని స్టాటిక్ బ్లాక్ (ఆబ్జెక్ట్ తయారు కాకముందే నడిచే కోడ్) అప్పుడే నడిచిపోతుంది. మీరు కాస్ట్ చేసి "ఇది చెల్లింపు క్లాస్ కాదు" అని పట్టుకునేసరికే ఆలస్యం. జేసన్ డేటా చదివే జాక్సన్ లైబ్రరీలో సీవీఈ-2017-7525 అనే నంబరున్న భద్రతా లోపం ఈ కోవదే: బయటి నుంచి వచ్చిన జేసన్‌లో ఉన్న క్లాస్ పేరును నమ్మి ఆబ్జెక్ట్ తయారు చేయడం. ప్రమాదకరమైన క్లాసుల్ని ఒక్కొక్కటిగా నిషేధిస్తూ పోయారు, జాబితా పెరుగుతూనే పోయింది. చివరికి 2.10లో "వీటినే అనుమతించు" అని చెప్పే పద్ధతి తెచ్చారు. పైన చెప్పిన మ్యాప్ ఆ పనే చేస్తుంది.

జవాబు 5:
మాది ఆండ్రాయిడ్. డీబగ్‌లో బ్రహ్మాండంగా నడిచింది, రిలీజ్ బిల్డ్‌లో క్లాస్ నాట్ ఫౌండ్. కోడ్‌ని చిన్నది చేసే ఆర్8 అనే టూల్ క్లాస్ పేర్లన్నీ కుదించేసి ఒకటి రెండు అక్షరాలు చేసేసింది మరి! ఆ పేర్లు ముట్టుకోవద్దని కీప్ రూల్ రాసి బయటపడ్డాం.

అడిగినవారు:
డెమో అయిపోయింది. మ్యాపే పెట్టాను. మధ్యలో ఒకసారి నల్ పాయింటర్ వచ్చింది. ఒక వరుసలో "చెక్కు" బదులు "చెక్" అని ఉంది, మ్యాప్‌లో ఆ పేరు లేదు. ఇప్పుడు ప్రోగ్రామ్ మొదలవగానే టేబుల్లోని కోడ్‌లన్నీ మ్యాప్‌తో సరిచూసి, ఏది కలవకపోతే దాని పేరు చెప్పి ఆగిపోయేలా రాశాను. ఆ క్యార్ 80 కాలమ్ పెట్టింది నేనే అని టీమ్‌లో ఇంకా ఎవరికీ చెప్పలేదు.