పదహారేళ్ల అమ్మాయి తల్లిదండ్రుల నుంచి చట్టరీత్యా విడిపోవచ్చా?

ప్రశ్న (ఒక మేనమామ, గుంటూరు):
మా అక్క కూతురు విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కళాశాలలో ఇంటర్ మొదటి సంవత్సరం ఎం.పి.సి. చదువుతోంది. తనకు సి.ఇ.సి.లో చేరాలని ఉంది, కానీ బావగారు ససేమిరా అంటున్నారు. అమెరికాలో మైనర్లు కోర్టుకు వెళ్లి తల్లిదండ్రుల అధీనం నుంచి బయటపడతారని ఎక్కడో చదివి, మన దగ్గర కూడా ఆ వీలుందా అని నన్ను అడుగుతోంది. కొట్టడం, తిండి పెట్టకపోవడం వంటివేమీ ఆ ఇంట్లో లేవు. అవసరమైతే అమ్మాయిని మా ఇంటికి తెచ్చుకొని చదివించడానికి నేనూ నా భార్యా సిద్ధంగా ఉన్నాము. తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (న్యాయవాది, గుంటూరు):
మీ మేనకోడలు చదివింది నిజమే. అయితే కాలిఫోర్నియాలో అటువంటి ఉత్తర్వు కావాలంటే 14 ఏళ్లు నిండి ఉండాలి, తన డబ్బు వ్యవహారాలు తానే చూసుకుంటూ ఉండాలి, అన్నిటికీ మించి తల్లిదండ్రులు ఒప్పుకోగానో, అడ్డు చెప్పకుండా ఉండగానో అప్పటికే వేరుగా నివసిస్తూ ఉండాలి. గ్రూపు విషయంలో గొడవపడి వెళితే అక్కడ కూడా ఉత్తర్వు రాదు.

మన దేశంలో అసలు ఆ ఏర్పాటే లేదు. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండితేనే మేజర్. ఉద్యోగం చేసినా, పెళ్లి జరిగినా అంతకుముందు ఆ హోదా రాదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం తండ్రిని, ఆయన తర్వాత తల్లిని సహజ సంరక్షకులుగా గుర్తిస్తుంది.

మీరు ఇంటికి తెచ్చుకుంటామన్నారు కనుక ఒక హెచ్చరిక చేయక తప్పదు. బావగారి అనుమతి లేకుండా తీసుకొస్తే, అమ్మాయి ఇష్టపడే వచ్చినా, భారతీయ న్యాయ సంహిత 137వ సెక్షన్ కింద మీ మీద కిడ్నాప్ కేసు పెట్టే అవకాశం ఉంది, దానికి ఏడేళ్ల వరకూ జైలుశిక్ష పడవచ్చు. మంచిచెడ్డలు తెలిసిన మైనరు ఎవరి ప్రోద్బలమూ లేకుండా తనంతట తానే ఇల్లు విడిచి వస్తే దాన్ని ‘తీసుకెళ్లడం’ అనలేమని 1964లో వరదరాజన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట వాస్తవమే గానీ, ఆ వాదన విచారణలో పనికొస్తుంది, పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కకుండా మిమ్మల్ని కాపాడదు.

జవాబు (విశ్రాంత ఉద్యోగి, విజయవాడ):
గార్డియన్‌గా నియమించమని మేనమామగారు జిల్లా కోర్టులో పిటిషన్ వేయవచ్చు కదా? బుద్ధెరిగిన మైనరు అభిప్రాయాన్ని కోర్టు వింటుందని విన్నాను.

జవాబు (న్యాయవాది, గుంటూరు):
వింటుంది, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్‌లో ఆ మాట ఉంది. అయితే అదే చట్టం 19వ సెక్షన్ ప్రకారం, జీవించి ఉన్న తండ్రి సంరక్షణకు అనర్హుడని తేలితే తప్ప మరొకరిని నియమించడం కుదరదు. కూతురికి ఇష్టంలేని గ్రూపు ఎంచినంత మాత్రాన ఏ న్యాయమూర్తీ ఒక తండ్రిని అనర్హుడనరు. ఇక హింస, నిర్లక్ష్యం ఉన్నచోట దారి పూర్తిగా వేరు: 1098కి ఫోన్ చేస్తే పిల్లలను బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకువెళతారు. మీరే లేవన్నారు కనుక ఆ తలుపు తట్టకండి.

జవాబు (జూనియర్ కళాశాల అధ్యాపకురాలు, గుంటూరు):
అమ్మాయి సి.ఇ.సి. ఎందుకు కోరుతోందో అడిగారా? న్యాయవిద్య కోసమో సి.ఎ. కోసమో అయితే, ఎం.పి.సి. పూర్తి చేసినవారు కూడా క్లాట్, సి.ఎ. ఫౌండేషన్ రాయవచ్చు. బావగారితో ఆ సంగతి మాట్లాడటం పిటిషన్ కంటే తేలిక.

ప్రశ్నించినవారు:
లా చదవాలనే. మరి 18 నిండాక తాను విడిగా ఉంటానంటే బావగారు ఖర్చులు ఆపేయవచ్చా?

జవాబు (న్యాయవాది, గుంటూరు):
ఎక్కడ ఉండాలన్నది అప్పుడు పూర్తిగా ఆమె ఇష్టం. 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం 20వ సెక్షన్ ప్రకారం, తన ఆదాయంతో తాను బతకలేని అవివాహిత కూతురిని పోషించే బాధ్యత 18 దాటాక కూడా తల్లిదండ్రులకు కొనసాగుతుంది. కొడుక్కి మాత్రం ఆ సెక్షన్ కింద మైనారిటీ తీరేవరకే.