ఏడు వారాల కుక్కపిల్ల దత్తత: ఇద్దరం ఉద్యోగస్తులం, కుదురుతుందా?

ప్రశ్న:
షెల్టర్‌లో ఉన్న ఒక ఆడ కుక్కపిల్లను తెచ్చుకుందామనుకుంటున్నాం. వయసు ఏడు వారాలు ఉండొచ్చన్నారు, తల్లి లేదు. నట్టల మందు ఒకసారి పట్టారు, టీకాలు ఇంకా వేయలేదు. ఇద్దరం ఉదయం తొమ్మిదికి వెళ్తే తిరిగొచ్చేసరికి ఆరవుతుంది. మొదటి నెలలో ఏం చూసుకోవాలి? అసలు మా వేళలకు ఇది అయ్యే పనేనా?

జవాబు 1:
ముందు వయసు తేల్చుకోండి, టీకాల లెక్కంతా దాన్నిబట్టే. ఎనిమిది వారాలకల్లా పాలపళ్లు దాదాపు అన్నీ వచ్చేసి సూదుల్లా ఉంటాయి. ముందుపళ్లు ఊడి పెద్దవి మొలుస్తున్నాయంటే మూడు నాలుగు నెలల పిల్ల అన్నమాట.

ఇంటికి తెచ్చే రోజునే డాక్టర్‌కి చూపించి మల పరీక్ష చేయించండి. నట్టల మందు ఒక్కసారితో సరిపోదు. పేగుల్లో ఉన్నవి చచ్చినా, ఒంట్లో తిరిగే లార్వాలు (నట్టల పిల్లలు) ఎదిగి మళ్లీ అక్కడికే చేరతాయి. ఈ వయసులో రెండు వారాలకోసారి, ఆ తర్వాత ఆరు నెలలు వచ్చేదాకా నెలకోసారి పట్టాలి. డోసు బరువును బట్టి ఉంటుంది కాబట్టి ప్రతిసారీ తూకం వేయండి.

పార్వో, డిస్టెంపర్ (కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బులు) టీకాలు ఇప్పుడే మొదలుపెట్టి 3-4 వారాల తేడాతో, 16 వారాలు నిండేదాకా వేయించాలి. చాలామంది రెండో డోసుతో ఆపేస్తారు, అక్కడే దెబ్బతింటారు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు (రోగాన్ని అడ్డుకునే రక్షణ పదార్థాలు) టీకాను పనిచేయనివ్వవు, అవి ఎప్పుడు తగ్గుతాయో పైకి చూస్తే తెలియదు. అందుకే ఆ చివరి డోసు ముఖ్యం. రేబిస్ టీకా 12 వారాలకు.

మొదటి రెండు వారాలు కనిపెట్టుకుని ఉండండి. తిండి మానేసి, వాంతులూ నెత్తుటి విరేచనాలూ మొదలైతే తెల్లారేదాకా ఆగొద్దు. పార్వో ఫినాయిల్‌కి చావదు. మురికంతా కడిగేశాక, ఒక వంతు బ్లీచ్‌కి ముప్పై వంతుల నీళ్లు కలిపి, నేల పది నిమిషాలు తడిగా ఉండేలా వదిలేయాలి. అన్నట్టు, పాలు పోయకండి. పాలతో వచ్చే విరేచనాలు చూసి పార్వో అని హడలిపోతారు.

జవాబు 2:
వేళల సంగతి ఎవరూ సూటిగా చెప్పరు కాబట్టి నేను చెప్తా. తొమ్మిది గంటలు ఒంటరిగా అంటే కుదరదు. వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే వచ్చేన్ని గంటలే మూత్రం ఆపుకోగలదు, అదీ గరిష్ఠంగా. రెండు నెలల పిల్లకు మూడు గంటలు. తిండీ రోజుకు నాలుగుసార్లు పెట్టాలి. మధ్యాహ్నం కనీసం రెండుసార్లు వచ్చి చూసే మనిషి మూడు నాలుగు నెలలపాటు ఖాయంగా దొరికితేనే సరే అనండి. లేదంటే ఏడాది దాటిన కుక్కను అడగండి. షెల్టర్లలో వాటిని ఎవరూ అడగరు, మీ ఇంటికి అవే నప్పుతాయి.

పాసుకి నిద్ర లేవగానే, తిన్న పది పదిహేను నిమిషాలకు, ఆట ఆపగానే ఒకే చోటికి తీసుకెళ్లండి. లోపల పోస్తే తిట్టొద్దు. తిడితే మానదు, మీకు కనపడకుండా మంచం వెనక పోయడం నేర్చుకుంటుంది. ఎంజైమ్ క్లీనర్‌తో తుడవండి, వాసన మిగిలితే మళ్లీ అక్కడికే వెళ్తుంది.

ప్రశ్న అడిగినవారు:
రెండు వారాలు సెలవు పెట్టగలను. మధ్యాహ్నం మా అత్తగారు వస్తానంటున్నారు.

జవాబు 3:
సెలవు మంచిదే కానీ ఒక చిక్కుంది. రెండు వారాలూ ఒళ్లో పెట్టుకుని, పదిహేనో రోజు తలుపేసి వెళ్తే ఏడుపూ, తలుపు గీకడమూ మొదలవుతాయి. రెండో రోజు నుంచే అర నిమిషం, రెండు నిమిషాలు, పది నిమిషాలు అలా వదిలి వెళ్లడం అలవాటు చేయండి. ఏడుపు మొదలవకముందే తిరిగి రావాలి. ఏడ్చిందంటే మీరు తొందరపడ్డట్టే, వెనక్కి తగ్గండి.

కొత్త మనుషులూ శబ్దాలూ పరిచయం కావలసిన వయసు దాదాపు 14 వారాల దాకానే. టీకాలు పూర్తయ్యేదాకా ఇంట్లోనే ఉంచితే ఆ గడువు దాటిపోతుంది. ఎత్తుకుని తిప్పండి, వీధికుక్కలు తిరిగే నేల మీద మాత్రం దించొద్దు.

దాని పళ్లు గానీ గోళ్లు గానీ మీకు గీరుకుని నెత్తురొస్తే సబ్బుతో 15 నిమిషాలు ధారగా కడుక్కుని అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చిన్నపిల్లే కదా అనుకోవద్దు, రేబిస్‌కి వయసుతో పనిలేదు. మీ అత్తగారికీ ఈ మాట ముందే చెప్పండి, రోజూ ఆవిడే దగ్గరుంటారు కదా.