ఏఎన్-32తో మీ అనుభవాలు రాయండి, నాన్న కోసం అడుగుతున్నాను

ఆకాశదీపం:
మా నాన్న వైమానిక దళంలో ఇంజిన్ ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యారు. సర్వీసులో ఎక్కువ కాలం ఏఎన్-32ల మీదే. "తయారుచేసి పంపించేవాళ్లం, సాయంత్రం తిరిగొచ్చేది. మధ్యలో అది ఏం చేసొచ్చిందో మాకు సగమే తెలిసేది" అంటుంటారు. ఆ మిగతా సగం మీ దగ్గర దొరుకుతుందేమోనని ఈ చర్చ మొదలుపెట్టాను. 1984 నుంచి మన వైమానిక దళంలో ఉన్న రవాణా విమానం ఇది. సట్లెజ్ అని పేరు కూడా పెట్టారు. మీలో ఎవరైనా ఎక్కారా? దాన్నుంచి దూకారా? దాని కోసం ఎదురుచూశారా? ఏదైనా రాయండి, రాత్రి భోజనాలయ్యాక ఆయనకు చదివి వినిపిస్తాను.

పారా_మల్పురా:
దూకాను సార్. ఆగ్రాలో ట్రైనింగ్, మల్పురా డ్రాపింగ్ జోన్, అంటే పైనుంచి దిగే మైదానం. వింగ్స్, అంటే పారాట్రూపర్ బ్యాడ్జి రావాలంటే ఐదు జంపులు, అందులో ఒకటి రాత్రి పూట. మొదటి జంపు నాకు పూర్తిగా గుర్తులేదు, నిజం. లోపల ఇంజిన్ల హోరు, పక్కవాడి మోకాలు నా మోకాలికి తగులుతూ ఉండటం, తెరిచిన ర్యాంప్ (వెనక తలుపు) అవతల తెల్లటి వెలుగు, అంతే. రెండో జంపే అసలు భయం, ఎందుకంటే అప్పటికి ఏం జరగబోతోందో తెలుసు. దూకగానే పారాచూట్‌ను లాగి తెరిచే తాడు, స్టాటిక్ లైన్ తగిలించుకుని నిలబడ్డాక పచ్చ దీపం వెలిగేలోపు గడిచే ఆ కాసేపు చాలా పెద్దది. నాన్నగారికి చెప్పండి, ఆ హోరు ఒకే శ్రుతిలో ఉంటే మాకు ధైర్యంగా ఉండేది.

లేహ్_దారి:
మా బెటాలియన్ వాళ్లందరికీ ఇది సెలవు విమానం. చలికాలంలో రోడ్లు మూసుకుపోతాయి కదా, చండీగఢ్ ట్రాన్సిట్ క్యాంపులో కొరియర్ ఫ్లైట్ (మనుషుల్ని చేరవేసే వైమానిక దళ విమానం) కోసం కూర్చునేవాళ్లం. తెల్లవారకముందే తీసుకెళ్లేవారు, లేహ్‌లో మధ్యాహ్నం గాలులు మొదలయ్యేలోపు దిగి మళ్లీ బయల్దేరాలి. వాతావరణం బాగాలేదంటే వెనక్కి, మళ్లీ మర్నాడు. ఒకసారి నాలుగు రోజులు అలా తిరిగాను. ఇంటి నుంచి తెచ్చిన పచ్చడి సీసా ఆ నాలుగు రోజుల్లోనే క్యాంపులో ఖాళీ అయిపోయింది. కార్గిల్ జనానికి కూడా ఇదే దిక్కు. జోజీలా కనుమ మంచుతో మూసుకుపోయాక రోగులు, విద్యార్థులు ఏఎన్-32 కొరియర్‌లోనే వెళ్తారు.

డెస్పాచర్:
నేను ఆర్మీ సర్వీస్ కోర్, ఎయిర్ డెస్పాచ్. విమానం వైమానిక దళానిది, లోపలి నుంచి సరుకు తోసేది మేము. అరుణాచల్ పోస్టులకు రోడ్డు లేని రోజులవి. బియ్యం, పప్పు, కిరోసిన్, మందులు, అన్నీ పైనుంచే. కొన్ని పారాచూట్‌తో, కొన్ని గోనె సంచుల్లో నేరుగా.

ఈ విమానం ర్యాంప్ గురించి తప్పక చెప్పాలి. కిందికి దించితే జీపు ఎక్కుతుంది. అదే ర్యాంప్‌ను పొట్ట కిందికి జరిపేస్తే వెనక భాగం మొత్తం తెరుచుకుంటుంది, సరుకు అడ్డం లేకుండా జారిపోతుంది. లోయ ఇరుకు, డ్రాపింగ్ జోన్ పైనుంచి చేతిరుమాలంత. గంట మోగగానే తోయాలి, కొన్ని సెకన్లే టైము. మళ్లీ చుట్టు తిరిగి రావాలి, ఆ మలుపులో కొండ రెక్క పక్కనే ఉన్నట్టు కనిపించేది. కింద మనుషులు చేతులూపడం చూసిన రోజు అన్నం బాగా సహించేది. ఆ విమానం బాగా తెలిసిన పైలట్లు కూడా ఆ లోయల్లో పోయారు. 2019 జూన్ 3న అస్సాంలోని జోర్హాట్ నుంచి అరుణాచల్‌లోని మెచుకాకు బయల్దేరిన దాంట్లో 13 మంది. ఎనిమిది రోజుల తర్వాత కొండ మీద శకలాలు కనిపించాయి.

విమానాల_పిచ్చి:
నేను ఎక్కలేదు, చదువుకున్నదే. 1987 జూన్ 4న బెంగళూరు నుంచి ఐదు ఏఎన్-32లు వెళ్లి శ్రీలంకలోని జాఫ్నా మీద సుమారు 25 టన్నుల సహాయ సామగ్రి జారవిడిచాయి, మిరాజ్ 2000 యుద్ధ విమానాలు కాపలాగా. దాన్నే ఆపరేషన్ పూమాలై అన్నారు. 2008 మే 31న ఒకటి లద్దాఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీలో దిగింది. 16,614 అడుగుల ఎత్తు, మట్టి రన్‌వే. 1965 తర్వాత అక్కడ రెక్కల విమానం దిగడం అదే మొదలు. 2018 డిసెంబరులో చండీగఢ్‌లో అడవి ఆముదం నూనెతో చేసిన జీవ ఇంధనం 10 శాతం కలిపి ఎగిరిందీ ఇదే. బాంబులు మోసే ఏర్పాటు కూడా ఉంది. ఒక డౌటు: ఇంజిన్లు రెక్కల మీదికి అంత ఎత్తులో ఎందుకు? నాన్నగారిని అడగండి. ఇంకోటి, కొత్త రవాణా విమానాలు సీ-295లు వచ్చాక వీటిని తీసేస్తారా?

ఆకాశదీపం:
సీ-295లు తీసుకున్నది పాత అవ్రో రవాణా విమానాల స్థానంలో, వీటి స్థానంలో కాదు అన్నారు నాన్న. ఇంజిన్ల సంగతి అడగగానే లేచి కూర్చున్నారు. ఎత్తైన చోట గాలి పలచన, ఎండకు ఇంకా పలచన, అందుకే ఐదు వేల హార్స్‌పవర్ పైచిలుకు ఇంజిన్లు పెట్టారట. అంత శక్తిని వాడుకోవాలంటే ప్రొపెల్లర్ పెద్దది కావాలి, పెద్దదైతే విమానం ఒంటికీ నేలకీ తగలకూడదు. అందుకే పైకెక్కించారు. మట్టి రన్‌వే మీద రాళ్లు లేచినా దూరంగా ఉంటుంది. "మా నడుములు పోయింది అందుకే, ప్రతిదానికీ పైకెక్కాలి" అన్నారు.

ఉక్కునగరం:
రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ బంగాళాఖాతం మీద మాయమైన ఏఎన్-32లో 29 మంది. వాళ్లలో ఎనిమిది మంది మా విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఆ వారమంతా ఊళ్లో ఎవరు కలిసినా అదే మాట, "ఏమైనా తెలిసిందా?" ఏడున్నరేళ్లు పట్టింది. 2024 జనవరిలో చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరాన, 3,400 మీటర్ల లోతున శకలాల ఫొటోలు దొరికాయి. ఈ విమానం గురించి మాట్లాడేటప్పుడు వాళ్లనూ తలుచుకోండి.

ఆకాశదీపం:
రాసినందుకు కృతజ్ఞతలు అండీ. ఇది చదివాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత డెస్పాచర్ గారి పోస్టు ఇంకోసారి చదవమన్నారు. సార్, మీరు జోర్హాట్‌లో ఏ సంవత్సరాల్లో ఉన్నారు? నాన్నను 1991 చలికాలంలో డిటాచ్‌మెంట్ (తాత్కాలిక డ్యూటీ) మీద అక్కడికి పంపారట.

డెస్పాచర్:
1990 నుంచి 93 దాకా అక్కడే ఉన్నాను బాబూ. రోజూ తెల్లవారుజామున మేము లోడు ఎక్కిస్తుంటే రెక్క మీద టార్చిలైటుతో ఒకరిద్దరు ఫిట్టర్లు ఉండేవారు, ముఖాలు కనిపించేవి కావు. నాన్నగారి నంబరు నాకు విడిగా పంపు, రేపు ఉదయం ఫోన్ చేస్తాను.