తొమ్మిదో తరగతి వ్యాసాలు: చేత్తో రాయించాలా, టైపు చేయించాలా?

రాతబల్ల:
తొమ్మిదో తరగతికి భాష చెబుతాను. ఈ ఏడాది నుంచి వ్యాసాలన్నీ కంప్యూటర్‌లోనే రాయించమన్నారు. చిత్తుప్రతి చేత్తో రాయించి, సాపు ప్రతి టైపు చేయిస్తే సరిపోతుందా? తప్పుల కింద ఎర్రగీత చూపించే సౌకర్యాన్ని రాసేటప్పుడే ఆన్‌లో ఉంచాలా? నలభై మంది వ్యాసాలకు వ్యాఖ్యలు రాసేసరికి అర్ధరాత్రి అవుతోంది, మీరెలా నెట్టుకొస్తున్నారు? ఇంకోటి. పోయిన వారం ఇద్దరి వ్యాసాలు ఏఐ రాసినవని డిటెక్టర్ చూపించింది. ఒకరిది 84 శాతమట. ఇంట్లో వాళ్ళకు కబురు చేయాలా అని ఆలోచిస్తున్నాను.

అక్షరాలమ్మ:
చేయకండి సార్, దయచేసి. మా అమ్మాయికి ఇదే జరిగింది. దానివి పొట్టి వాక్యాలు, పుస్తకాల్లో చదివిన భాష. డిటెక్టర్ ఏఐ అంది, సున్నా వేశారు. దాని చిత్తు నోట్‌బుక్ పట్టుకెళ్ళి చూపించాను. మొదటి వాక్యం నాలుగుసార్లు కొట్టేసి ఉంది. ఐదోసారి రాసిందే టైపు చేసింది. "మెషిన్ చెబుతోంది కదమ్మా" అన్నారు. ఆ తర్వాత రెండు నెలలు వ్యాసం రాసినప్పుడల్లా కావాలనే రెండు మూడు తప్పులు పెట్టేది, అనుమానం రాకుండా. తల్లిగా అది చూడలేకపోయాను.

పాతసిరా:
అందుకే చేతిరాతే శరణ్యం అంటాను. 2014లో ముల్లర్, ఒపెన్‌హైమర్ అనే ఇద్దరు పరిశోధకులు తేల్చారు కూడా. ల్యాప్‌టాప్‌లో నోట్స్ తీసుకున్నవాళ్ళు విన్నది విన్నట్టు దించేశారు, చేత్తో రాసుకున్నవాళ్ళకు అర్థం బాగా తలకెక్కింది. తెర ముందు కూర్చోబెట్టి రాయడం నేర్పుతామంటే జరిగే పని కాదు.

కోడ్‌గూడు:
పదేళ్ళుగా భాషకు సంబంధించిన సాఫ్ట్‌వేర్ మీదే నా పని, కాబట్టి చెబుతున్నాను. చాలా డిటెక్టర్లు చూసేది ప్రధానంగా ఒకటే: తర్వాత రాబోయే పదం ఎంత తేలిగ్గా ఊహకు అందుతోంది అని. తెలిసిన మాటలతో, సాదా వాక్యాలతో రాసే పిల్లలు అందులోనే ఇరుక్కుంటారు. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థ తన సొంత డిటెక్టర్‌ను 2023 జనవరిలో విడుదల చేసి, సరిగ్గా పట్టుకోలేకపోతోందని జూలైలో తీసేసింది. వాళ్ళు చెప్పిన లెక్కే చూడండి: ఏఐ రాసినవాటిలో 26 శాతమే దొరికాయి, మనుషులు రాసినవాటిలో 9 శాతం మీద తప్పుగా ముద్ర పడింది. అదే ఏడాది స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ళు రాసిన 91 టోఫెల్ (ఇంగ్లిష్ భాషా పరీక్ష) వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇచ్చారు. సగటున సగానికి పైగా వ్యాసాలను ఏఐ ఖాతాలో వేశాయి. 84 శాతం అంటే 84 శాతం ఏఐ రాసిందని కాదు రాతబల్ల గారూ.

గట్టిచేయి:
వినడానికి బాగానే ఉంది. నా దగ్గర ముప్పై ఐదు వ్యాసాల్లో పన్నెండు "నేటి ఆధునిక యుగంలో" అనే మొదలయ్యాయి. మూడు పేరాలు, ముగింపులో మళ్ళీ అవే మాటలు. అవన్నీ వాళ్ళ బుర్రలోంచే వచ్చాయని నమ్మమంటారా? తల్లిదండ్రులు తమ పిల్లలను వెనకేసుకొస్తారు, నింద మాత్రం మా మీద.

అక్షరాలమ్మ:
వెనకేసుకు రావడం కాదండీ, నోట్‌బుక్ పట్టుకొచ్చి చూపించాను. అది తెరిచి చూసే ఓపిక కూడా లేనప్పుడు సున్నా వేసే హక్కు ఎవరిచ్చారు?

గట్టిచేయి:
మీ అమ్మాయి గురించి నేనన్నానా? ఆ పన్నెండు మంది సంగతి చెప్పండి ముందు.

కోడ్‌గూడు:
ఇద్దరూ కాస్త ఆగండి. ఫైల్‌లో వెర్షన్ హిస్టరీ, అంటే ఎప్పుడు ఏం రాసి ఏం మార్చారో చూపించే చిట్టా, ఉంటుంది కదా, అది తెరవండి. ఐదు వందల మాటలు ఒకే నిమిషంలో వచ్చి పడితే అడగాల్సిందే.

గట్టిచేయి:
పక్కన ఫోన్ పెట్టుకుని చూసి టైపు చేస్తున్నారు సార్. హిస్టరీలో గంటసేపు కష్టపడినట్టే కనిపిస్తుంది.

కోడ్‌గూడు:
సమయం కాదు, నడక చూడండి. చూసి ఎక్కించేవాడు మొదటి మాట నుంచి చివరి మాట దాకా తిన్నగా పోతాడు, మధ్యలో సరిచేసేవి అచ్చుతప్పులే. సొంతంగా రాసేవాడు వెనక్కొస్తాడు, సగం వాక్యం తీసేస్తాడు, మూడో పేరాను పైకి జరుపుతాడు. ఇది కూడా రుజువు కాదు, కానీ పిల్లాడిని ఏమడగాలో తెలుస్తుంది.

చివరిబెంచీ:
పాతసిరా గారూ, ఆ 2014 పరిశోధననే మళ్ళీ చేసి చూశారు. 2019లో ఒక బృందానికి ఆ తేడా స్పష్టంగా కనబడలేదు. 2021లో ఇంకొకరు చేస్తే, ల్యాప్‌టాప్ వాళ్ళు ఎక్కువ దించుకున్న మాట నిజమేగానీ పరీక్ష మార్కుల్లో తేడా రాలేదు. పైగా అది నోట్స్ గురించి. వ్యాస రచన గురించి కాదు.

పాతసిరా:
26 ఏళ్ళుగా జవాబు పత్రాలు దిద్దుతున్నాను. చేత్తో రాసే పిల్లవాడు వాక్యాన్ని ముందు మనసులో పూర్తి చేసుకుని రాస్తాడు, ఎందుకంటే కొట్టేస్తే కాగితం ఖరాబవుతుంది. అది నాకు ఏ పరిశోధనా చెప్పనక్కర్లేదు.

మాటలమూట:
ఆ "చేతిరాతే" అనే మాట వింటే నాకు కడుపు మండుతుంది. మా వాడికి డిస్‌గ్రాఫియా, చేత్తో రాయడమే కష్టమయ్యే సమస్య. అర పేజీ రాసేసరికి వేళ్ళు బిగుసుకుపోతాయి, ఒత్తులు పక్క గీతలోకి జారిపోతాయి. ఏడో తరగతి వరకు వాడి వ్యాసం నాలుగు వాక్యాలు దాటలేదు. వాయిస్ టైపింగ్ మొదలుపెట్టాం. మొదటిరోజే వాడి తాతయ్య గురించి రెండు పేజీలు చెప్పాడు. ఫుల్‌స్టాప్ ఒక్కటీ లేదు, సగం పేర్లు తప్పు పడ్డాయి, కానీ రెండు పేజీలు! తర్వాత పక్కన కూర్చుని వాక్యాలు విడగొట్టుకున్నాం. అదే మాకు వ్యాకరణ పాఠం అయింది.

రాతబల్ల:
చాలా సంతోషమండీ. మా క్లాసులో ఒకబ్బాయికి ఇది ప్రయత్నిస్తాను. కానీ ఎర్రగీతల సంగతి ఎవరూ చెప్పలేదు.

చివరిబెంచీ:
తెలుగుకైతే ఆపేయండి. మన మాటలు సంధి కలిసి, విభక్తులు అతుక్కుని ఎన్ని రూపాలో! "వెళ్ళాలనుకున్నప్పటికీ" అని సరిగ్గా రాసినా కింద ఎర్రగీత పడుతుంది. పిల్లలు భయపడి తేలిక మాటకు మారిపోతున్నారు. చివర్లో ఒకసారి ఆన్ చేస్తే చాలు.

గట్టిచేయి:
వ్యాఖ్యల విషయానికి నా పద్ధతి ఇది: ఒక్కో వ్యాసానికి ఒక్కటే రాస్తాను. ఈ వారం అందరికీ మొదటి పేరా, వచ్చే వారం ముగింపు. పదిహేను వ్యాఖ్యలు రాసినప్పుడు ఎవరూ చదవలేదు.

అక్షరాలమ్మ:
ఇది మాత్రం మంచి పద్ధతి. మా అమ్మాయి టీచర్ కూడా ఇలా చేసి ఉంటే బాగుండేది.

కొత్తకీబోర్డు:
మధ్యలో వస్తున్నాను. తెలుగు అక్షరాలనే నేరుగా కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్పాలా, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే పద్ధతి నేర్పాలా?

పాతసిరా:
ఇన్‌స్క్రిప్టే. ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే పిల్లలకు ళ, ల తేడా పోతుంది, ణ, న తేడా పోతుంది.

కొత్తకీబోర్డు:
ఆ మార్గంలోనూ పెద్దక్షరం కొడితే ళ వస్తుంది కదండీ. నెలరోజులు కొత్త కీబోర్డు అలవాటయ్యేలోపు పిల్లలు రాయడమే మానేస్తారు.

రాతబల్ల:
ఆ ఇద్దరినీ ఇవాళ విడివిడిగా కూర్చోబెట్టాను, శాతాల మాట ఎత్తలేదు. 84 శాతం వచ్చినమ్మాయి, రెండో పేరా ముందు చివర్లో ఉండేదని, ఎందుకు పైకి తెచ్చిందో గడగడా చెప్పింది. రెండోవాడిని తన వ్యాసంలో ఉన్న "సమగ్ర దృక్పథం" అంటే ఏమిటని అడిగితే తలదించుకున్నాడు. సోమవారం క్లాసులోనే కూర్చుని మళ్ళీ రాస్తానన్నాడు. ఇంటికి కబురు చేయలేదు.

కొత్తకీబోర్డు:
మంచి పని చేశారు సార్. ఇన్‌స్క్రిప్ట్‌లో "క్ష" ఎలా కొట్టాలో ఎవరైనా చెప్పరూ?

పాతసిరా:
ముందు క, తర్వాత పొల్లు, తర్వాత ష.